క్రిస్మస్‌కి గుమ్మానికి రీత్: పెరట్లో దొరికే ఆకులతో కుదురుతుందా?

సముద్రపుగాలి (బాపట్ల):
ప్రతి ఏడాదీ ఇంటి ముందు స్టార్ కట్టి ఊరుకుంటాం. ఈసారి తలుపుకి రీత్, అంటే ఆకులతో కట్టే గుండ్రటి దండ, అది కూడా కావాలని పిల్లలు ఒకటే గొడవ. బజార్లో చూస్తే అన్నీ ప్లాస్టిక్‌వే, దానికి వాళ్ళు చెప్పే రేటు పెట్టబుద్ధి కాలేదు. మా పెరట్లో మామిడి, సపోటా, మందారం, కరివేపాకు ఉన్నాయి. మా మామయ్యగారికి సరుగుడు తోట ఉంది కాబట్టి ఆ కొమ్మలు ఎన్ని కావాలన్నా తెచ్చుకోవచ్చు. వీడియోల్లో అందరూ ఫర్ అంటారు, సీడార్ అంటారు, అవి మనకెక్కడివి? ఇక్కడి ఆకులతో కట్టి ఇరవై ఐదు దాకా, కుదిరితే జనవరి ఒకటి దాకా చూడటానికి బాగుండేలా ఉంచగలమా? చేసినవాళ్ళు చెప్పండి. వీడియో లింకులు మాత్రం పెట్టకండి ప్లీజ్, చూసి చూసి తల తిరుగుతోంది.

గోదారమ్మాయి (రాజోలు):
సరుగుడు ఉంటే ఇంకేం కావాలండీ! మా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటేనే సరుగుడు కొమ్మ. ఇసక నింపిన డబ్బాలో నిలబెట్టి, మంచు అని దూది అంటించేవాళ్ళం. దాన్నే చిన్న రెమ్మలుగా తుంచి చుట్టుకోండి. ఒకటే ఇబ్బంది, ఎండాక రాలుతుంది. అది మామూలు ఆకు కాదు కదా, సన్నటి పచ్చపుల్ల, కణుపు దగ్గర విరిగి ముక్కలు ముక్కలుగా పడుతుంది. గుమ్మంలో రోజూ ఊడ్చుకోవాలి. కొమ్మతో పాటు సరుగుడు కాయలు కూడా ఏరుకు రండి, వీడియోల్లో పైన్ కాయలు పెడతారే, వాటి చోట ఇవి పెట్టుకోవచ్చు. గోళీకాయంత ఉంటాయి, గుత్తులుగా కడితే చాలా బాగుంటాయి.

చలిదేశం (న్యూజెర్సీ):
నేను ఏటా కడతాను కాబట్టి కట్టే పద్ధతి చెప్తా, ఆకు ఏదైనా పద్ధతి అదే. ముందు రింగు కావాలి, పన్నెండు పద్నాలుగు అంగుళాలు చాలు, అంతకన్నా పెద్దదైతే ఎన్ని కొమ్మలు తెచ్చినా మింగేస్తుంది. జానెడు పొడుగున్న రెమ్మలు నాలుగైదు కలిపి ఒక గుప్పెడు కట్ట చేసుకోండి. వెనక పొడుగువి, ముందు పొట్టివి. ఆ కట్టని రింగు మీద పెట్టి కాడల దగ్గర తీగతో మూడు చుట్లు గట్టిగా బిగించండి. తీగ తెంపొద్దు. తర్వాతి కట్టని మొదటి కట్ట కాడలు కప్పేలా పెట్టి మళ్ళీ మూడు చుట్లు. అన్నీ ఒకే దిక్కుకి చూడాలి. ఒక కట్ట కొంచెం లోపలికి, తర్వాతిది కొంచెం బయటికి, అలా మారుస్తూ పోతే రింగు రెండు అంచులూ నిండుతాయి. మొత్తం ఇరవై, పాతిక కట్టలు పడతాయి. చివరి కట్ట కాడలని మొదటి కట్ట ఆకులు పైకెత్తి వాటి కిందకి దూర్చాలి, ఇక్కడే అందరూ ఆగిపోతారు, కంగారు పడకుండా మొదటి కట్టని చేత్తో వెనక్కి మడిచి పట్టుకుని చుట్టేయండి.

ఇక నిలవ సంగతి. మా తలుపుకి బయట కడితే నెల దాటినా పచ్చగానే ఉంటుంది, బయటంతా ఫ్రిజ్ కదా. అదే ఇంట్లో హీటర్ దగ్గర పెడితే పది రోజులకి గలగలలాడుతుంది. మీకు డిసెంబరు మధ్యాహ్నం ముప్పై డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి మా లెక్క మీకు పనికిరాదు. నవంబరు చివర్లో మాత్రం కట్టొద్దు.

సముద్రపుగాలి (బాపట్ల):
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రింగు దేనితో చేయాలి? ఇక్కడ రెడీమేడ్ దొరకవు. తీగ అంటే పూలకొట్టు వాళ్ళు వాడేదా?

మేస్త్రీగారు (తాడేపల్లిగూడెం):
ఐరన్ కొట్లో బైండింగ్ వైరు అడగండి, స్లాబు ఊచలు కట్టే తీగ. మెత్తగా ఉంటుంది, చేత్తోనే వంగుతుంది, పావుకేజీ కొంటే వీధంతా రీత్‌లు కట్టొచ్చు. రింగుకి అదే తీగ నాలుగు పేటలు మెలేస్తే సరిపోతుంది. పాత సైకిల్ రిమ్ములు వాడకండి, బరువుకి తలుపు మేకు ఊడొస్తుంది. తీగ కొసలు వెనక్కి మడవండి, పిల్లల చేతులు గీరుకుంటాయి, తలుపు పెయింటు కూడా పోతుంది.

పెరటిబామ్మ (తెనాలి):
అమ్మాయ్ బాపట్ల, ఇనుప తీగలెందుకమ్మా? ఇప్పుడే కదా కోతలయ్యాయి, గడ్డి ఎక్కడ చూసినా ఉంది. గడ్డిని కాస్త తడిపి చేతిమందాన వెంటి పేని గుండ్రంగా చుట్టి పురికొసతో బిగించు. ఆకు కాడలు అందులోకి గుచ్చుకోవచ్చు, ఆ గడ్డిలో కాస్త తడి కూడా నిలుస్తుంది. వరి కంకులు దొరికితే ఒక గుత్తి కింద వేలాడదీయి. మా వైపు కంకులు కుచ్చులుగా అల్లి వసారాలో కడతాం, పిచ్చుకలు తింటాయి.

ఆకుల సంగతి నేను చెప్తా విను. పండగలకి తోరణాలు కట్టీ కట్టీ ఏ ఆకు ఎన్నాళ్ళుంటుందో నాకు చేతికి తెలుసు. వేప పొద్దున కడితే సాయంత్రానికి వేలాడుతుంది, రెండో రోజుకి ఆకు ఆకూ రాలిపోతుంది. కరివేపాకు అంతే. మందారం ఇంకా అన్యాయం, కోసిన గంటకే ముడుచుకుంటుంది. మామిడి ముదురాకు అయితే వాడినా వేలాడదు, అలాగే బిర్రుగా నిలబడి ఎండుతుంది, అందుకే కదా తోరణానికి అదే కడతారు. లేతాకు వద్దు, రాగి రంగులో ముద్దుగా ఉంటుంది కానీ పూటకే వడిలిపోతుంది. సపోటా, పనస, పొగడ కూడా మామిడి లాగే ఆగుతాయి. నరమామిడి కూడా కడతారు చాలామంది, అంచు అలలు అలలుగా అందంగా ఉంటుంది.

మామిడి కొమ్మ కోసేముందు ఆకులు గూడు కట్టి ఉన్నాయేమో చూసుకో. ఎర్ర చీమలు నాలుగాకులు అంటించి లోపల కాపురం పెడతాయి. కొమ్మని బకెట్లో ముంచి కాసేపుంచి దులుపు, లేకపోతే క్రిస్మస్ పూట గుమ్మంలో చుట్టాలని అవే పలకరిస్తాయి.

సూటిమాట (విజయవాడ):
మనకి తోరణాలు ఉండగా ఈ రీత్‌లు ఎందుకో నాకర్థం కాదు. అమెరికా చూసి వాత పెట్టుకోవడం.

సముద్రపుగాలి (బాపట్ల):
మా ఇంట్లో పెళ్ళికి మామిడి తోరణమే కడతామండీ. క్రిస్మస్‌కి రీత్ కడతాం. పండగ మాది, ఆకులు మా పెరటివి, మీకేమిటి నష్టం?

పెరటిబామ్మ (తెనాలి):
బాగా చెప్పావు. నాయనా విజయవాడ, నీకు కట్టడం వస్తే కూర్చుని నాలుగు ఆకులు గుచ్చు, లేకపోతే చదివి ఊరుకో.

జాన్‌బాబు_లైబ్రరీ (గుంటూరు):
అమెరికా అంటున్నారు కానీ, క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాల ఆగమనకాలంలో చర్చిలో బల్ల మీద పెట్టే రీత్ జర్మనీది. 1839లో హాంబర్గులో యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టరుగారు, తాను నడిపే అనాథ పిల్లల ఆశ్రమంలో, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు ప్రాణం తీస్తుంటే ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించేవారు. ఆదివారాలకి పెద్ద తెల్లవి నాలుగు, మిగతా రోజులకి చిన్న ఎర్రవి. పచ్చని కొమ్మలు చుట్టడం తర్వాత వచ్చింది. ఆ మూడేళ్ళకే, 1842లో, లూథరన్ మిషనరీ హయ్యర్ దొర మన గుంటూరులో దిగాడు. అంటే గుంటూరు లూథరన్ సంఘానికీ ఆ బండి చక్రానికీ దాదాపు ఒకటే వయసు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుళ్ళలో అయితే మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీ రంగుది పెడతారు, ఆ గులాబీది మూడో ఆదివారం వెలిగిస్తారు.

తలుపుకి కట్టేదానికి కొవ్వొత్తులు ఉండవు. అయినా మీలో ఎవరైనా బల్ల మీద పెట్టేది చేస్తుంటే, సరుగుడుతో మాత్రం నిజం కొవ్వొత్తి పెట్టకండి. సరుగుడు పచ్చిగా ఉన్నా మండుతుంది, ఎండితే అడగక్కర్లేదు. బ్యాటరీ కొవ్వొత్తులు దొరుకుతున్నాయి కదా.

కాకతీయ_తోట (వరంగల్):
మా దిక్కు సరుగుడు లేదు గానీ పత్తి ఉంది. విచ్చిన పత్తికాయలని కొమ్మతో సహా కోసుకొచ్చి ఆకుల మధ్య పెట్టి కట్టినం, మంచులాగా ఎంత బాగుందో. పగిలిన కాయ తొక్కలు గోధుమరంగులో పువ్వులాగా ఉంటాయి, ఒక్క కొమ్మకి నాలుగైదు ఉంటే చాలు. చేలో పత్తి ఏరడం చివరికొచ్చినప్పుడు అడిగితే ఎవరైనా ఇస్తారు. కాయల కొసలు గుచ్చుకుంటాయి, చూసుకుని పట్టుకోవాలె. అన్న చెప్పిన మంట సంగతి దీనికి రెండింతలు వర్తిస్తది.

సముద్రపుగాలి (బాపట్ల):
పత్తి ఐడియా అదిరింది, మా దగ్గర కూడా దొరుకుతుంది. ఎర్రటిది ఏం పెట్టొచ్చు? అమెరికాలో హోలీ అనే చెట్టు ఎర్రకాయలు పెడతారు కదా. మా తోటలో కంచె మీద గురివింద గింజలున్నాయి, ఎర్రగా నిగనిగలాడుతూ.

ఆకుపచ్చ_డాక్టరమ్మ (విశాఖపట్నం):
గురివింద వద్దు! ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గింజలు గుమ్మం దరిదాపులకి కూడా రానివ్వకండి. నమిలి మింగితే ప్రాణానికే ముప్పు, ఒకటి రెండు గింజలైనా సరే. గన్నేరు కూడా అంతే, ఎర్రదైనా పచ్చదైనా చెట్టంతా విషమే, ఆకు బాగా ఆగుతుంది కదా అని కొందరు కడుతున్నారు, కోసేటప్పుడు కారే పాలు చేతులకి అంటుకుని అదే చెయ్యి కంట్లో పెట్టుకుంటే నానా తిప్పలూ పడాలి. కంచెల్లో పెంచే డ్యురాంటా పసుపు కాయలు కూడా పిల్లలు తినకూడనివే. అన్నట్టు ఆ హోలీ కాయలూ తినేవి కావు, న్యూజెర్సీ వారు గమనించగలరు.

ఎరుపు కావాలంటే నూరువరహాలు గుత్తులు పెట్టండి. అవి వాడితే తీసి కొత్తవి దూర్చుకోవచ్చు. బాదం చెట్టు ఉంటే ఇంకా మంచిది, చలికాలంలో రాలేముందు ఆకు ఎర్రగా పండుతుంది కదా, చెట్టు కిందే ఏరుకుని తడిగుడ్డతో తుడిచి రెండు మూడు కలిపి మధ్యలో గుచ్చితే పువ్వులాగే ఉంటుంది. అరకు వైపు ఎవరైనా వస్తూ పోతూ ఉంటే కాఫీ పళ్ళ కొమ్మ ఒకటి అడగండి, డిసెంబరులో కాఫీ పళ్ళు ఎర్రగా ఉంటాయి. కొనుక్కోండి, రోడ్డు పక్క తోట అని తుంచుకోకండి, అది ఎవరో గిరిజన రైతు కష్టం.

జాన్‌బాబు_లైబ్రరీ (గుంటూరు):
గుంటూరులో ఉండి ఎరుపు కోసం వెతుక్కోవడమేమిటండీ! ఎండుమిరపకాయలు తొడిమలతో గుత్తి కట్టి దూర్చండి. వాడేదీ లేదు, రాలేదీ లేదు. పండగయ్యాక పచ్చట్లో వేసుకోవచ్చు.

గోదారమ్మాయి (రాజోలు):
గుమ్మంలో ఎండుమిరపకాయలు కడితే దిష్టికి కట్టారనుకుంటారండీ బాబూ 😂

జాన్‌బాబు_లైబ్రరీ (గుంటూరు):
అనుకోనివ్వండి, రెండు పనులూ అయిపోతాయి.

అపార్ట్‌మెంట్_ఆకు (హైదరాబాద్):
మాకు పెరడు లేదు, బాల్కనీలో కుండీలే. తూజా ఉంది, ఆస్పరాగస్ ఉంది, క్రిస్మస్ ట్రీ అని నర్సరీలో అమ్మిన అరకేరియా ఉంది. వీటితో చిన్నది కట్టుకోవచ్చా? కింద పార్కులో అశోక చెట్లున్నాయి కానీ వాచ్‌మెన్ చూస్తే గొడవ.

నర్సరీ_పిల్లాడు (కడియం):
అరకేరియాని ముట్టుకోకండి. నడినెత్తి చిగురు తుంచారంటే ఆ చెట్టు తీరే చెడిపోతుంది, పక్క కొమ్మ కోసినా ఆ చోటు బోసిగానే ఉండిపోతుంది. తూజా ఎంత కత్తిరించినా గుబురుగానే వస్తుంది, వీటన్నిట్లో రీత్‌కి సరిగ్గా కుదిరేది అదే. ఒక్క చోటే కాకుండా చుట్టూరా కొంచెం కొంచెం కోయండి. ఎండినా ఆకు అట్లాగే ఉంటుంది, రంగు కాస్త గోధుమరంగుకి తిరుగుతుంది. ఆస్పరాగస్ బొకేల్లో వాడతారు కానీ నీళ్ళలో లేకపోతే త్వరగా రాలుతుంది, పండగ ముందు రోజు మాత్రమే దూర్చుకోండి. ముళ్ళుంటాయి, కాడ కింద నుంచి పట్టుకోవద్దు.

పార్కులో అశోక అంటున్నారు, బామ్మగారు చెప్పిన నరమామిడి అదే. ఎలాగూ కొమ్మలు కత్తిరిస్తారు కదా, ఆ రోజు అసోసియేషన్ వాళ్ళని అడిగి నాలుగు తెచ్చుకోండి.

ఇంకోటి, జామాయిల్ తోటలు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఆ ఆకు తప్పకుండా వాడండి. ఎండిపోయినా ఆకారం మారదు, వాసన కూడా కొన్నాళ్ళు ఉంటుంది, రంగు బూడిదపచ్చలోకి వెళ్ళి ఇంకా బాగుంటుంది. కొన్ని వారాల ముందే తెచ్చుకునేవాళ్ళు ఒక పాలు గ్లిజరిన్‌కి రెండు పాళ్ళు వేడినీళ్ళు కలిపి అందులో కాడలు నిలబెడితే ఆకు పెళుసెక్కకుండా మెత్తగా ఉండిపోతుంది. మెడికల్ షాపులో దొరుకుతుంది గ్లిజరిన్.

చలిదేశం (న్యూజెర్సీ):
నేను చెప్పడం మరిచిన ముక్క ఒకటుంది. కట్టే ముందు రాత్రి కొమ్మలన్నీ కొసలు ఏటవాలుగా కోసి బకెట్ నీళ్ళలో నిలబెట్టండి. మొత్తం ముంచినా పరవాలేదు. నీళ్ళు తాగిన కొమ్మకీ తాగని కొమ్మకీ చాలా తేడా. ఇక్కడ తర్వాత ఆకుల మీద ఒక స్ప్రే కూడా కొడతారు, తేమ ఆవిరైపోకుండా మైనంలాంటి పొర పడుతుంది.

పెరటిబామ్మ (తెనాలి):
స్ప్రేలు వద్దు, నూనె రాయడాలూ వద్దు, మెరుస్తుంది కదా అని కొబ్బరినూనె రాసేవాళ్ళు కొందరున్నారు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. నీళ్ళలో పెట్టడం మాత్రం మంచి మాటే. అయితే మనకి పొద్దున మంచు, సముద్రం పక్కన గాలిలో చెమ్మ, తడి ఆకులు గుత్తంగా కట్టి గోడకి ఆనిస్తే లోపల బూజు పడుతుంది. బకెట్లోంచి తీశాక చాప మీద పరిచి ఆకు పైతడి ఆరనివ్వు, అప్పుడు కట్టు. కట్టాక సాయంత్రం పూట కాస్త చిలకరించు చాలు. ఎండ పడే గుమ్మమైతే మధ్యాహ్నం తీసి లోపల పెట్టుకో.

సముద్రపుగాలి (బాపట్ల):
మా గుమ్మం పడమర వైపు. సాయంత్రం ఎండ సూటిగా కొడుతుంది.

పెరటిబామ్మ (తెనాలి):
అయితే ఇరవై మూడున కట్టు తల్లీ, అంతకు ముందు వద్దు. ఇరవై రెండు రాత్రి నీళ్ళలో పెట్టు. జనవరి ఒకటి దాకా పచ్చగా ఉండాలంటే ఏ ఆకూ ఉండదు, ఆశ పెట్టుకోకు. మామిడి, సపోటా, జామాయిల్ ఎండినా తీరుగా ఉంటాయి కాబట్టి అడుగు వరస వాటితో వేసేయి. పైన సరుగుడు పల్చగా వేసుకో, ముప్పయ్యో తారీఖున అది రాలడం మొదలెడితే ఆ రెమ్మలు లాగేసి తాజావి దూర్చు. తోట మీదేగా.

చలిదేశం (న్యూజెర్సీ):
ఇది నేను చెప్పిన దానికన్నా మంచి పద్ధతి. ఒక్క సంగతి, ఎండే కొద్దీ కాడలు సన్నబడి కట్టు వదులవుతుంది. బిగించేటప్పుడు కాడ నొక్కుకుపోతుందేమో అనుకునేంత గట్టిగా లాగండి, లేకపోతే వారానికి కట్టలన్నీ ఒక పక్కకి జారతాయి.

తిప్పతీగ_ఫ్యాన్ (ఒంగోలు):
ఆలస్యంగా వచ్చాను. రింగుకి తిప్పతీగ చెప్పలేదేమిటి ఎవరూ? వేలిమందం తీగ నాలుగైదు చుట్లు చుట్టి, కొసలు అందులోనే పెనవేస్తే వైరూ అక్కర్లేదు, పురికొసా అక్కర్లేదు. ఒక్క వింత ఏమిటంటే అది చావదు. మట్టీ నీళ్ళూ లేకుండా గాల్లో వేలాడుతూనే చిగురేస్తుంది. పోయినేడు మా చెల్లెలి ఇంట్లో సంక్రాంతికల్లా రీత్‌కి ఒక పక్క హృదయాకారం ఆకులు రెండు వచ్చాయి. అది తీసి కంచె పక్కన పడేస్తే ఇప్పుడు వేపచెట్టు ఎక్కేసింది.

సముద్రపుగాలి (బాపట్ల):
అయ్యో ఇది ముందే తెలిస్తే బాగుండేది, మేస్త్రీగారి మాట విని వైరు తెచ్చేశాం. సరే, వైరు రింగు మీద గడ్డి వెంటి చుడతాను, రెండూ అయినట్టు. అడుగున మామిడి, సపోటా. పైన సరుగుడు, కాయలు, రెండు పత్తి కొమ్మలు. ఎరుపుకి బాదం ఆకులు. మిరపకాయలకి మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. మామయ్యగారి తోటలో సరుగుడు ఈ వారం కొడుతున్నారట, కాబట్టి చెట్టు మీద కొయ్యక్కర్లేదు, కొట్టిన కొమ్మలే తెచ్చుకుంటాం.

ఆకుపచ్చ_డాక్టరమ్మ (విశాఖపట్నం):
సొంత తోట లేనివాళ్ళకి ఒక మాట. బీచ్ పక్కన వరసగా ఉండే సరుగుడు తుపాను గాలికి అడ్డంగా అటవీశాఖ వాళ్ళు పెంచినవి. అందరూ తలా ఒక కొమ్మ అని విరిచేయకండి. గాలివానకి విరిగి పడినవైతే ఎవరినైనా అడిగి తీసుకోండి.

అపార్ట్‌మెంట్_ఆకు (హైదరాబాద్):
తూజాతో ఎనిమిదంగుళాలది కట్టేశానండీ, పళ్ళెమంత ఉంది, ముచ్చటగా ఉంది. పండగయ్యాక ఏం చేయాలి? తడిచెత్తలో వేసేయొచ్చా?

మేస్త్రీగారు (తాడేపల్లిగూడెం):
వైరు మొత్తం విప్పాకే వేయండి. కటింగ్ ప్లేయరుతో వెనక వైపు రెండు చోట్ల తుంచితే చుట్లన్నీ ఒకేసారి ఊడొస్తాయి. చెత్తకుప్ప దగ్గర ఆవులు ఆకులు కనిపిస్తే తీగతో సహా మింగేస్తాయి, అది కడుపులో గుచ్చుకుంటే పశువు బతకదు. గడ్డి, పురికొసతో కట్టినదైతే అలాగే కుండీల్లో ఎరువుకి వేసుకోవచ్చు. ఆ వైరు సాపు చేసి దాచుకోండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.